గోడ గీసేవారికి, ఇటుక కాల్చేవాడు రాసే బహిరంగ లేఖ

ఆర్కిటెక్టులకు, సివిల్ ఇంజినీర్లకు, ఎస్టిమేట్లు వేసేవారికి, కాంట్రాక్టర్లకు నమస్కారం.

ఇటుక బట్టీల పొగ మాట ఎత్తినప్పుడల్లా వేళ్లన్నీ మా వైపే చూపిస్తాయి. చిమ్నీ మాది, బొగ్గు మాది, కాబట్టి తప్పూ మాదే. అందులో చాలా వరకు నిజమే, కాదనను. కానీ ఏ ఇటుక కాల్చాలన్నది మా చేతిలో లేదు. మీరు ఎస్టిమేట్‌లో రాసే ఒక్క లైను దాన్ని తేలుస్తుంది. "ఫస్ట్ క్లాస్ ఎర్ర ఇటుక" అని మీరు రాస్తున్నంత కాలం మేం అదే కాలుస్తాం. అమ్ముడుపోయేది అదే మరి. అందుకే ఈ ఉత్తరం కాలుష్య నియంత్రణ మండలికి కాకుండా మీకు రాస్తున్నాను.

ముందుగా మా వైపు లెక్క చెప్పేస్తాను. ఇటుక గట్టిపడాలంటే 900 నుంచి 1,000 డిగ్రీల దాకా కాలాలి. చిమ్నీ నడుమ కదలకుండా ఉండి, చుట్టూ ఉన్న కందకంలో మంట రోజుకు కొన్ని మీటర్ల చొప్పున జరుగుతూ పోయే పాత రకం బట్టీలో, కిలో ఇటుక కాల్చడానికి సుమారు 1.2 మెగాజౌల్స్ వేడి పడుతుంది. ఇటుక మూడు కిలోలనుకుంటే దానికి మధ్యరకం బొగ్గు 180 గ్రాములు పడుతుంది. లక్ష ఇటుకలకు 18 టన్నులు. ఆ బొగ్గు కాలినప్పుడు ఒక్కో ఇటుక తరఫున కిలోలో మూడో వంతు కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అది కంటికి కనబడదు. కనబడేది మసి, దుమ్ము. ఊపిరితిత్తుల్లోకి పోయేవీ అవే.

ఈ బట్టీ నమూనా నిన్నమొన్నటిది కాదు. ఎప్పుడూ ఆరకుండా మండే బట్టీకి జర్మనీలో ఫ్రీడ్రిష్ హాఫ్‌మన్ 1858లో పేటెంటు తీసుకున్నారు. దాని కప్పు తీసేసి, తక్కువ ఖర్చులో నేల మీదే కట్టుకునేలా 1876లో బుల్ అనే బ్రిటిష్ ఇంజినీరు మార్చారు. మన ఉపఖండంలో ఇప్పటికీ ఎక్కువ ఇటుకలు దాని వారసుల్లోనే కాలుతున్నాయి. నిజానికి తెలివైన ఏర్పాటే అది. లోపలికి వచ్చే గాలి ముందు కాలిన ఇటుకలను చల్లబరుస్తూ తాను వేడెక్కుతుంది, మంట దాటాక ఆ వేడితో పచ్చి ఇటుకలను ఆరబెడుతుంది. అసలు చిక్కు బొగ్గు వేసే పద్ధతిలో ఉంది.

మంట ఉన్నచోట బట్టీ పైన వరసగా రంధ్రాలుంటాయి. వాటి మూతలు తీసి, ఇద్దరు ముగ్గురు కలిసి పారలతో బొగ్గు గుమ్మరించి, మూతలు పెట్టి, మళ్లీ అరగంట దాకా అటు చూడకపోవడం పాత అలవాటు. గుమ్మరించిన ఆ కాసేపు లోపల గాలి చాలదు. బొగ్గు సగం కాలి సగం మసిగా చిమ్నీ ఎక్కుతుంది. దూరం నుంచి మీకు కనబడే నల్లటి పొగ అదే. తరవాత అరగంట చిమ్నీ శుభ్రంగా కనిపిస్తుంది, మళ్లీ పారలు లేస్తాయి. అలా కాకుండా బొగ్గును చిన్నగా దంచి, ఒక్క మనిషే చిన్న గరిటెతో ఆగకుండా కొంచెం కొంచెం వేస్తూ పోతే, అదే బట్టీ అదే బొగ్గుతో చాలా తక్కువ పొగ వదులుతుంది. దీనికి యంత్రం అక్కర్లేదు. ఓపిక కావాలి, ఆ ఓపికకు తగ్గ కూలి కావాలి.

ఇటుకలను పేర్చే తీరు కూడా మార్చి, గాలి తిన్నగా పోకుండా వంకరటింకరగా తిరిగేలా చేస్తే అదే జిగ్‌జాగ్ బట్టీ. గాలి ఎక్కువ దూరం తిరుగుతుంది, మంటతో బాగా కలుస్తుంది, ఇటుకలకు వేడి బాగా అందుతుంది. బాగా నడిపితే బొగ్గు ఐదో వంతు దాకా మిగులుతుంది, మసి సగానికి పైగా తగ్గుతుంది. 2015 భూకంపంలో నేపాల్‌లో బట్టీలు కూలిపోయినప్పుడు, చాలామంది తిరిగి కట్టేటప్పుడు జిగ్‌జాగ్ పద్ధతిలోనే కట్టుకున్నారు. భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ అయితే జిగ్‌జాగ్‌కో, ఇటుకలు పైనుంచి కిందికి దిగుతూ కాలే నిలువు షాఫ్టు బట్టీకో, పైపు గ్యాసుకో మారమంది. చిమ్నీలోంచి వచ్చే దుమ్ము ఘనమీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదంది. మంచిదే. కానీ గుమ్మం దగ్గర జిగ్‌జాగ్ బోర్డు పెట్టి, పైన పారలతోనే బొగ్గు గుమ్మరించే బట్టీలూ ఉన్నాయని మాలో అందరికీ తెలుసు. కట్టడం మారినంత తేలిగ్గా చెయ్యి మారదు.

ఇదంతా మేం చేయాల్సిన పని. మీరు మమ్మల్ని నిలదీసి అడగాల్సిన పని కూడా. ఇక మీ కాగితం దగ్గరికి వస్తాను.

సైటుకు లోడు రాగానే మీ మనిషి ఏం చూస్తాడు? రంగు చూస్తాడు. ముదురు ఎరుపుంటే సరే, పాలిపోయి ఉంటే వెనక్కి. రెండు ఇటుకలు తాటిస్తాడు, కంగుమని మోగితే సరే. గోరుతో గీస్తాడు. ఈ పరీక్షలు పనికిమాలినవని నేననను, ల్యాబు దగ్గర్లో లేని రోజుల్లో అవే దిక్కు. కానీ ఎరుపు వచ్చేది మట్టిలోని ఇనుము వల్ల. ఇనుము ఎంత ఉంది, కాలేటప్పుడు గాలి ఎంత ఆడింది అన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. సున్నం పాలు ఎక్కువున్న మట్టి పసుపుగా కాలుతుంది, అంతమాత్రాన అది బలహీనమైన ఇటుక కాదు. మీకు నచ్చే ఆ ఒక్క రంగు కోసం మేం బట్టీ అడుగునా అంచుల్లోనూ ఉన్న ఇటుకలు కూడా ఎర్రబడేదాకా మంటను పట్టి ఉంచుతాం. మధ్యలో ఉన్నవి ఈలోగా మాడిపోతాయి. ఆ అదనపు బొగ్గు బలం కోసం కాదు, చూపు కోసం. పైగా ఆ ఎరుపు మీద రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసి రంగు వేసేది మీరే కదా!

బలం మాటకొస్తే, ఒక చిన్న లెక్క మీరే వేసి చూడండి. ఇప్పుడు చాలా కట్టడాల్లో బరువు మోసేది కాంక్రీటు స్తంభాలు, దూలాలు. గోడ ఉత్త అడ్డు. మూడు మీటర్ల ఎత్తు ఇటుక గోడ తన బరువు తాను మోయడానికి అడుగు వరస మీద పడే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 0.06 న్యూటన్ల లోపే. భారతీయ ప్రమాణాల్లో మట్టి ఇటుకకున్న అన్నిటికన్నా తక్కువ తరగతి బలం 3.5 న్యూటన్లు. అంటే ఆ చివరి తరగతి ఇటుక కూడా అవసరానికి యాభై రెట్ల పైన ఉంది. మరి అడ్డుగోడకు రెండింతలు మూడింతల బలమున్న ఇటుకే కావాలని ఎందుకు రాస్తున్నారు? పాత ఎస్టిమేట్‌లో ఉంది కాబట్టి కొత్తదాంట్లోకి కాపీ అయింది, అంతే అని నా అనుమానం. పునాదికి, బరువు మోసే గోడకు, తడి తగిలే చోటుకు గట్టి ఇటుకే రాయండి, అందులో రాజీ వద్దు. మిగతాచోట్ల ఎంత బలం కావాలి, నీరు ఎంత శాతం కన్నా ఎక్కువ పీల్చకూడదు, ఇటుక మీద ఉప్పు తెల్లగా ఎంతవరకు పూయొచ్చు అన్నవి రాయండి. రంగు కొట్టేయండి.

కొనేవైపు నుంచి మార్పు మొదలైతే ఏమవుతుందో చూపించిన దేశాలున్నాయి. చైనా పెద్ద నగరాల్లో లోపల ఖాళీ లేని మట్టి ఇటుక వాడకాన్నే దశలవారీగా నిషేధించింది. వియత్నాం 2010లో కాల్చని ఇటుకల కార్యక్రమం మొదలుపెట్టి, ప్రభుత్వ డబ్బుతో కట్టే కట్టడాల్లో వాటిని వాడాలని తరవాత నిబంధన తెచ్చింది. భారత్ దారి వేరు. 1999లో థర్మల్ విద్యుత్ కేంద్రాల బొగ్గు బూడిద వాడకంపై నోటిఫికేషన్ తెచ్చినప్పుడు, ఆ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపల ఉన్న బట్టీలు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని మాకే చెప్పారు. కట్టించే సంస్థలనూ కలిపింది 2003 సవరణలో. వరస తిరగబడి ఉంటే బాగుండేదని నేననుకుంటాను. అడిగేవాడు లేని సరుకు చేయమంటే ఎవరైనా కాగితాల మీదే చేస్తారు.

ఇటుకలు తక్కువ పట్టేలా గోడ కట్టడం కూడా మీ చేతిలోనే ఉంది. దీన్ని నేను చెప్పడం నా వ్యాపారానికే దెబ్బ, అయినా చెబుతున్నాను. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కట్టే ర్యాట్ ట్రాప్ బాండ్ మీరు చదువుకునే ఉంటారు. గోడ మందం తొమ్మిది అంగుళాలే ఉంటుంది, ఇటుకలు నాలుగో వంతు తగ్గుతాయి, ఇటుకలను అతికించే మాలు కూడా తగ్గుతుంది, లోపలి ఖాళీ వల్ల ఎండ వేడి లోపలికి నెమ్మదిగా వస్తుంది. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ దీన్ని జీవితమంతా కట్టి చూపించారు. తలుపులు, కిటికీల పక్కన, స్లాబు కింద ఖాళీ లేని వరసలు వేసుకోవాలి. భూకంప భయం ఉన్నచోట ఆ ఖాళీల్లోనే నిలువు కడ్డీలు దింపి కాంక్రీటు పోసుకోవచ్చు. కొత్త యంత్రం లేదు, కొత్త సరుకు లేదు, డ్రాయింగులో ఒక వివరం గీసి తాపీ మేస్త్రీకి ఓసారి పక్కన నిలబడి చూపించడమే. అయినా ఎందుకు వాడుకలోకి రాలేదంటే, ఎస్టిమేట్ లెక్కలన్నీ ఖాళీ లేని గోడకే తయారై ఉండటం ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

తరవాతది బోలు ఇటుక. లోపల సగం దాకా ఖాళీ ఉంటే మట్టి సగం దాకా తగ్గినట్టే, కాల్చాల్సిన బరువు తగ్గింది కాబట్టి బొగ్గూ ఆ మేరకు తగ్గినట్టే. గోడల పలచదనం వల్ల పచ్చి ఇటుక త్వరగా ఆరుతుంది. కట్టడం బరువు తగ్గి దూలాల్లో, పునాదిలో ఇనుము కూడా కొంత తగ్గుతుంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు. మరి మేం ఎందుకు చేయడం లేదు? అచ్చుపెట్టెతో చేత్తో కోసే పని కాదది. మట్టిని మెత్తగా నూరి, గాలి పీల్చేసి, ఒత్తిడితో బయటికి నెట్టే యంత్రం కావాలి, ఆరబెట్టడానికి షెడ్డు కావాలి. అంత పెట్టుబడి పెట్టాక గోడౌన్లో పేర్చుకుని కూర్చోలేం. ఎవరు కొంటారో ముందు తెలియాలి. కొనేవారు చెప్పే అభ్యంతరం ఒకటే: గోడ కట్టాక గాడి కొట్టి పైపులు వేస్తే బోలు ఇటుక పగిలిపోతుంది. పగులుతుంది, నిజమే. అందుకే కరెంటు, నీళ్ల పైపులు ఎక్కడ పోతాయో గోడ లేవకముందే గీసి ఇవ్వాలి. ఆ గీత మీరే గీయాలి, బట్టీలో గీయలేం.

కాల్చని ఇటుకల గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాను, ఎందుకంటే నేను పోటీదారుణ్ణి. బూడిద, సున్నం, జిప్సం కలిపి చేసే ఫాల్-జి పద్ధతి విశాఖపట్నంలో పుట్టింది, దాంట్లో బట్టీయే లేదు. మంచి బూడిద ఇటుక మా ఇటుకకు ఏ మాత్రం తీసిపోదు. దానికి చెడ్డపేరు వచ్చిందంటే పాళ్లు తప్పి చేసినవాళ్ల వల్ల, నీళ్ల క్యూరింగ్ పూర్తికాకుండానే లారీ ఎక్కించినవాళ్ల వల్ల. లోడుతో పాటు టెస్టు రిపోర్టు అడగండి, సగం సమస్య తీరుతుంది. కానీ థర్మల్ కేంద్రం ఎక్కడో ఉంటే, బూడిదను అంత దూరం లారీల్లో మోయించి పర్యావరణం పేరు చెప్పుకోవడంలో అర్థం లేదు. సిమెంటు కలిపినంత మాత్రాన కాల్చని ఇటుక కాస్తా పర్యావరణానికి మేలు చేసే ఇటుక కూడా అయిపోదు. సిమెంటుకు ముడిసరుకైన క్లింకర్ కిలో తయారు కావడానికే కిలోకు కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మట్టిలో 6 శాతం సిమెంటు కలిపి యంత్రంతో నొక్కిన మూడు కిలోల ఇటుకలో 180 గ్రాముల సిమెంటు. అంటే కాల్చిన మా ఇటుక వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు సగం. సగం తగ్గడం పెద్ద విషయమే. అదే సిమెంటు 12 శాతం పోస్తే ఆ లాభం దాదాపు పూర్తిగా పోతుంది. ఇసుక పాలు సరిపోయే మట్టి ఉన్నచోటే ఇది కుదురుతుంది. తడిస్తే ఉబ్బే నల్లమట్టికి సిమెంటు కన్నా సున్నం మేలు. ఎక్కడ ఏది దొరుకుతుందో చూడకుండా ఒకే రకం ఇటుకను అన్నిచోట్లా రాయడం మళ్లీ పాత తప్పే.

మట్టి సంగతి కూడా చెప్పాలి. లక్ష ఇటుకలకు మూడు వందల టన్నుల పైచిలుకు మట్టి. ఎకరం నేలను ఒక అడుగు లోతు గీకితే సుమారు ఆరు లక్షల ఇటుకలు. ఆ అడుగులోనే పంటకు కావాల్సిన సారమంతా ఉంటుంది, అది మళ్లీ తయారు కావడానికి తరాలు పడుతుంది. చెరువులు, కాలువలు, జలాశయాల పూడిక తీసినప్పుడు వచ్చే మట్టి వాడొచ్చు. రంగు కాస్త అటూ ఇటూ అవుతుంది. మళ్లీ మీ రంగు దగ్గరికే వచ్చాం చూడండి.

బయట పెద్దగా ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా తేలిగ్గా సరిచేయగలిగింది: మీ తొందర. "వచ్చే వారానికి లక్ష ఇటుకలు కావాలి" అని ఫోను వస్తే, సరిగా ఆరని పచ్చి ఇటుకే బట్టీకెక్కుతుంది. అది కాలే ముందు లోపలి నీళ్లు ఆవిరి కావాలి. మూడు కిలోల ఇటుకలో అదనంగా 5 శాతం తడి ఉందంటే 150 గ్రాముల నీళ్లు. వాటిని ఆవిరి చేయడానికే ఇటుక కాల్చే వేడిలో పదో వంతు ఖర్చవుతుంది. లక్ష ఇటుకలకు దాదాపు రెండు టన్నుల బొగ్గు, నీళ్లు మరగబెట్టడానికి! అదే పని ఎండా గాలీ ఉచితంగా చేసేవి, కొన్ని రోజులు ఆగితే. పైగా తడి ఇటుక వేడికి పగులుతుంది, పగిలినవాటికి పెట్టిన బొగ్గు కూడా వృథా. మట్టి పని సాగేది పొడి నెలల్లోనే కాబట్టి, మీ అవసరం సీజను మొదట్లోనే చెబితే మేం కోసి, ఆరబెట్టి, వరసగా కాల్చుకుంటాం. మీ స్లాబుల షెడ్యూలు మీకు ముందే తెలుసు కదా, గోడలది మాత్రం చివరి నిమిషంలో ఎందుకు గుర్తొస్తుంది?

మాలు గురించి ఒక మాట. పాత సున్నపు కట్టడాలు కూల్చినప్పుడు ఇటుకలు ఒక్కొక్కటిగా ఊడివస్తాయి, గీకి మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటు ఎక్కువ వేసి కట్టిన గోడ కూల్చితే మాలు విడదు, ఇటుకే విరుగుతుంది. మాలు ఇటుక కన్నా గట్టిగా ఉండాల్సిన పని లేదు. అడ్డుగోడకు ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక రాసే చోట ఆరు పాళ్లు రాయండి, వీలుంటే సున్నం కలపనివ్వండి. కాల్చాల్సిన పనే లేని ఇటుక ఏదైనా ఉందంటే, అది ఇదివరకే కాలిన ఇటుక.

ఇంత రాసి మనుషుల మాట ఎత్తకపోతే అన్యాయం. బట్టీ మీద పనిచేసేవాళ్లు కాళ్ల కింద మంట పెట్టుకుని, చెక్క చెప్పులతో నడుస్తారు. ఇటుకలు కోసే కుటుంబాలు చాలాచోట్ల అడ్వాన్సు అప్పుతో సీజనుకు వస్తాయి, ఆ అప్పు తీరదు. పొగ తగ్గితే ముందుగా ఊపిరి తిరిగేది వాళ్లకే. యంత్రాలు వస్తే ముందుగా పని పోయేదీ వాళ్లకే. ఈ రెండో మాట పర్యావరణ సభల్లో పెద్దగా వినబడదు. యంత్రం తెచ్చే బట్టీ అదే కుటుంబాలకు నెలజీతం పని ఇస్తుందా లేదా అని మీరు కొనేటప్పుడు అడగొచ్చు. బంగ్లాదేశ్‌లో కొన్ని వందల బట్టీల్లో పేర్చే తీరు, ఇంధనం వేసే తీరు మార్చుకోవడం నేర్పినప్పుడు ఖర్చు, పొగ రెండూ తగ్గాయి. చిమ్నీ కన్నా ముందు మంట చూసే మనిషికి శిక్షణ, తగిన జీతం ఉండాలన్నది నా మాట.

కాబట్టి నేను కోరేది ఇది. మీ తరవాతి ఎస్టిమేట్‌లో ఇటుక లైను దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అడ్డుగోడలను, బరువు మోసే గోడలను విడదీసి రెండు లైన్లుగా రాయండి. బట్టీని ఎంచుకునేటప్పుడు ధరతో పాటు లక్ష ఇటుకలకు ఎంత బొగ్గు కాల్చారో రాతపూర్వకంగా అడగండి. ఆ లెక్క రాసుకోని బట్టీ బొగ్గు పొదుపు చేస్తోందంటే నమ్మకండి, అది నా బట్టీ అయినా సరే. బోలు ఇటుక కావాలంటే ఒక సీజనుకు సరిపడా ఆర్డరు నలుగురు కాంట్రాక్టర్లు కలిసి ఇవ్వండి, యంత్రం సంగతి మేం చూసుకుంటాం. ఏది రాసినా పొడి నెలలు మొదలయ్యేలోపు మాకు పంపండి, మట్టి అప్పుడే తవ్వుతాం.

ఇట్లు,
ఒక ఇటుక బట్టీ యజమాని